‘పాలీమ్యాథ్’ అంటే లెక్కలు తెలిసినవాడనేనా? సురవరం వారికి ఈ మాట సరిపోతుందా?

అందరికీ నమస్కారం. మాది మహబూబ్‌నగర్. మా పాప స్కూల్లో సురవరం ప్రతాపరెడ్డి గారి మీద ఇంగ్లీషులో రెండు నిమిషాల స్పీచ్ ఇవ్వాలి. ఆయన వకీలు, 1926లో గోలకొండ పత్రిక పెట్టిన సంపాదకుడు, కవి, చరిత్రకారుడు, 1952లో వనపర్తి ఎమ్మెల్యే. తెలంగాణలో కవులే లేరన్న మాటకు 354 మంది కవులతో సంచిక తెచ్చి జవాబు చెప్పిన మనిషి. ఇదంతా ఒక్క మాటలో పట్టాలని ‘పాలీమ్యాథ్’ అని రాసిచ్చాను.

టీచరమ్మ దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన ‘ఆయన మ్యాథ్స్ సార్ కాదు కదా’ అని రాశారు. పాప ముఖం చిన్నబోయింది.

నాకు తెలిసి ఇది గ్రీకు నుంచి వచ్చిన మాట. ‘పాలీ’ అంటే చాలా, రెండో సగం నేర్చుకోవడం. మ్యాథమెటిక్స్‌దీ అదే మూలం, అంతవరకే చుట్టరికం. మన ‘బహుముఖ ప్రజ్ఞాశాలి’కి దగ్గరగా ఉందనిపించింది. ‘స్కాలర్’ అంటే ఆయనకు చాలా తక్కువ. ‘పండిట్’ మన మాటే అయినా, ఇంగ్లీషులో ఇప్పుడు టీవీ చర్చల్లో కూర్చునే విశ్లేషకులు గుర్తొస్తారు. ‘సావంట్’ అంటే పండితుడనే అర్థం ఉన్నా, ఆటిజం లాంటివి ఉండి ఏదో ఒక్క విషయంలో అసాధారణ ప్రతిభ చూపేవాళ్లకూ వాడుతున్నారు.

ఇంగ్లీషు బాగా తెలిసినవాళ్లు చెప్పండి: కవి, సంపాదకుడు, రాజకీయ నాయకుడు అయిన మనిషిని పాలీమ్యాథ్ అనొచ్చా? లేక శాస్త్రాలు తెలిసినవాళ్లకేనా? పిల్లల స్పీచ్‌లో వినడానికి సహజంగా ఉండేలా ఒక వాక్యం రాసిస్తే, టీచరమ్మకు చూపిస్తాను. స్పీచ్ సోమవారమే.