పాత ఆటల శబ్దం కోసం లినక్స్‌లో ఓఎస్‌ఎస్‌ను ఇంకా నిలుపుకోవాలా?

చర్చ మొదలుపెట్టిన సభ్యుడు:

హన్ను సవోలైనెన్ 1992లో సౌండ్ బ్లాస్టర్ కార్డు కోసం రాసిన డ్రైవర్ నుంచి పెరిగిన ఓఎస్‌ఎస్ (ఓపెన్ సౌండ్ సిస్టమ్), దాదాపు పదేళ్లపాటు లినక్స్‌లో శబ్దానికి ప్రధాన మార్గంగా ఉంది. ఆట /డెవ్/డీఎస్‌పీ అనే ఫైలును తెరిచి, శాంప్లింగ్ రేటు ఎంతో, చానెళ్లు ఎన్నో చెప్పి, శబ్దపు బైట్లను అందులో రాస్తే చాలు, స్పీకరు పలికేది. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కర్నెల్‌తో (కర్నెల్ అంటే లినక్స్‌కు గుండెకాయ వంటి భాగం) ఆ స్థానం ఆల్సా అనే కొత్త శబ్ద వ్యవస్థకు దక్కింది. అయినా పాత ప్రోగ్రాములు మూగబోకూడదని ఆల్సా రూపకర్తలే ఎస్‌ఎన్‌డీ-పీసీఎం-ఓఎస్‌ఎస్ అనే అనుకరణ మాడ్యూల్‌ను (ఓఎస్‌ఎస్‌లా పనిచేసే, విడిగా లోడ్ చేసుకోగల భాగాన్ని) కర్నెల్‌లో చేర్చారు. ఉబుంటు అనే డిస్ట్రిబ్యూషన్ (లినక్స్‌ను ప్రోగ్రాములతో కూర్చి పంచే రూపం) 10.10 విడుదలతో దాన్ని తన కర్నెల్ నుంచి తొలగించింది.

లోకీ సాఫ్ట్‌వేర్ 1998లో మొదలై 2002 జనవరిలో మూతపడేలోపు సివిలైజేషన్: కాల్ టు పవర్, సిమ్‌సిటీ 3000 వంటి ఆటలను లినక్స్‌కు తెచ్చింది. వాటి సోర్స్ కోడ్ మనకు అందుబాటులో లేదు, సరిచేసి ఇచ్చే సంస్థ కూడా లేదు. లినక్స్ మీద నమ్మకంతో ఆ రోజుల్లోనే డబ్బు పెట్టి డిస్కులు కొన్నవారికి ఇప్పుడు బొమ్మ కనిపించి శబ్దం రాకపోతే, అది వారి తప్పు కాదు. అనుకరణ మాడ్యూల్‌ను అందరికీ తెరిచి పెట్టమని నేను అడగడం లేదు. దాన్ని కూర్చి పక్కన ఉంచితే, కావలసినవారు తామే లోడ్ చేసుకుంటారు.

ఒక డిస్ట్రిబ్యూషన్‌లో ప్యాకేజీలు చూసే సభ్యుడు:

మీ ఆవేదన నాకు అర్థమవుతోందండీ, కానీ ఆ మాడ్యూల్ వల్ల ఖర్చేమీ లేదన్నట్టు రాశారు. అది నేరుగా కార్డునే పట్టుకుంటుంది. అన్ని ప్రోగ్రాముల శబ్దాన్ని కలిపి కార్డుకు పంపే పైప్‌వైర్ అప్పటికే కార్డును వాడుతుంటే ఆటకు ‘పరికరం ఖాళీగా లేదు’ అన్న జవాబే వస్తుంది, ఆటే ముందుగా పట్టుకుంటే బ్రౌజరు నుంచి ఫోన్ కాల్ దాకా అన్నీ మూగబోతాయి. పైగా ఈ అనుకరణ కోడ్‌లో సిజ్‌బాట్ వంటి పరీక్షా సాధనాలు పదేపదే లోపాలు బయటపెట్టాయి. వాడేవారు తక్కువైన కోడ్‌లో లోపం కర్నెల్ స్థాయిలో ఉండడం చిన్న విషయం కాదు.

ప్రత్యామ్నాయాలు లేవా అంటే ఉన్నాయి. ప్యాడీఎస్‌పీ అనే సాధనం /డెవ్/డీఎస్‌పీకి వెళ్లే పిలుపులను దారి మళ్లించి, పైప్‌వైర్ వంటిదే అయిన పాత శబ్ద సేవ పల్స్‌ఆడియోకు, పైప్‌వైర్ ఉన్నచోట దాని పల్స్ సేవకు అందిస్తుంది. బొమ్మ, శబ్దం పనులు చేసిపెట్టే ఎస్‌డీఎల్ 1.2ను విడి లైబ్రరీగా వాడుకునే ఆటలకు, దాని స్థానంలో పనిచేసే ఎస్‌డీఎల్12-కంపాట్ ఉంది. క్వేక్ 3 అనే తుపాకుల ఆట సోర్స్ కోడ్ 2005లో విడుదలయ్యాక, ఐఓక్వేక్3 బృందం దాని శబ్దాన్ని ఎస్‌డీఎల్ మీదకు మార్చేసింది. పని జరగవలసింది కర్నెల్ బయటే అని నా అభిప్రాయం.

చర్చ మొదలుపెట్టిన సభ్యుడు:

కర్నెల్ బయటి మార్గం పనిచేసేచోట నాకూ అదే ఇష్టం. అది పనిచేయని చోటు ఏదో చూడండి. క్వేక్ 3 అసలు బైనరీ (ఆటతో వచ్చిన, నేరుగా నడిచే ఫైలు) శబ్దాన్ని ఫైలులోకి రాయదు. కార్డు చదువుకునే బఫర్‌ను ఎమ్‌మ్యాప్ ద్వారా తన మెమరీలోకి తెచ్చుకుని, కార్డు ప్రస్తుతం ఎక్కడ చదువుతోందో అడిగి, దానికి కాస్త ముందు తానే శబ్దాన్ని నింపుతూ పోతుంది. తుపాకీ పేలిన క్షణంలోనే చప్పుడు వినిపించడానికి అప్పట్లో ఎంచుకున్న పద్ధతి అది. ప్యాడీఎస్‌పీ ఈ ఎమ్‌మ్యాప్‌ను అనుకరించదు. అనుకరణ మాడ్యూల్ ఉంటే మాత్రం రూట్ హక్కులతో /ప్రాక్/అసౌండ్/కార్డ్0/పీసీఎం0పీ/ఓఎస్‌ఎస్ అనే ఫైలులోకి ‘క్వేక్3.ఎక్స్86 0 0 డైరెక్ట్’ అన్న ఒక్క వరుస పంపితే, మధ్యలోని మార్పిడులు తొలగి ఆట నేరుగా బఫర్‌ను అందుకుంటుంది. ఆట కోరిన రేటు, ఫార్మాట్ కార్డుకు స్వయంగా చేతనైతేనే ఇది కుదురుతుందన్నది నిజమే, కానీ కుదిరే యంత్రాలు ఉన్నప్పుడు ఆ దారిని మూయడం ఎందుకు?

క్వేక్ 3కి సోర్స్ కోడ్ దొరికింది కాబట్టి బతికింది. దొరకని ఆటకు ఐఓక్వేక్3 బృందం వంటిది ఎంత శ్రద్ధ పెట్టినా చేయగలిగింది లేదు. ఎస్‌డీఎల్‌ను బైనరీలోనే కలిపేసుకున్న ఆటకు కంపాట్ లైబ్రరీ కూడా అక్కరకు రాదు.

ఫ్రీబీఎస్‌డీ వాడే సభ్యురాలు:

ఈ ఇబ్బంది ఓఎస్‌ఎస్ పద్ధతిలో లేదు, లినక్స్ దాన్ని అనుకరించిన తీరులో ఉందని నేను అనుకుంటున్నాను. లినక్స్ లాంటిదే అయిన మరో ఆపరేటింగ్ సిస్టమ్ ఫ్రీబీఎస్‌డీలో /డెవ్/డీఎస్‌పీ నేటికీ సొంత మార్గమే. వర్చువల్ చానెళ్ల ద్వారా మిక్సింగ్ (పలు ప్రోగ్రాముల శబ్దాలను కలపడం) కర్నెల్‌లోనే జరుగుతుంది కాబట్టి, ఒక ఆట తెరిచినంత మాత్రాన మిగతావి మూగబోవు. లినక్స్ బైనరీలు అడిగే ఎమ్‌మ్యాప్‌ను అనుమతించడానికి హెచ్‌డబ్ల్యూ.ఎస్‌ఎన్‌డీ.కంపాట్_లినక్స్_ఎమ్‌మ్యాప్ అనే సెట్టింగు కూడా ఉంది. పాతదాన్ని నిలుపుకుంటే కొత్తది పాడవుతుందన్న భయానికి ఇక్కడ ఆధారం కనిపించదు.

ప్యాకేజీలు చూసే సభ్యుడు:

మేడమ్, మిక్సింగ్‌ను కర్నెల్‌లో పెట్టకూడదన్నది లినక్స్ ఎప్పుడో తీసుకున్న నిర్ణయం, ఈ ఆటల కోసం దాన్ని తిరగదోడరు. ఎమ్‌మ్యాప్ విషయంలో మాత్రం మొదటి సభ్యుడు గారి వాదన సరైనదే. దానంతట అది లోడ్ కాకుండా, విడి ప్యాకేజీగా మాడ్యూల్‌ను ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.

అంతకంటే ముందు తేలవలసినది 32 బిట్ లైబ్రరీల సంగతి. ఈ ఆటలన్నీ పాత తరహా 32 బిట్ ప్రోగ్రాములే. వాటికి 64 బిట్ ప్యాడీఎస్‌పీ లైబ్రరీని జతచేయబోతే, లోడర్ ‘తరగతి సరిపోలేదు’ అని చెప్పి దాన్ని వదిలేస్తుంది, ఆట నిశ్శబ్దంగానే నడుస్తుంది. 2019లో ఉబుంటు 32 బిట్ ప్యాకేజీలు ఆపేస్తామని ప్రకటించి, విమర్శల తర్వాత వెనక్కి తగ్గింది. 2025లో ఫెడోరాలోనూ అలాంటి ప్రతిపాదన వచ్చి ఉపసంహరణ అయింది. మూడోసారి వచ్చినప్పుడు వద్దని చెప్పడానికి గట్టి వివరాలు కావాలి. ఏ ఆటకు ప్యాడీఎస్‌పీ చాలునో, దేనికి కంపాట్ లైబ్రరీ సరిపోతుందో, దేనికి మాడ్యూల్ తప్పదో మీరు పరీక్షించి ఒక పట్టిక పంపండి. దాన్ని జతచేసి ప్యాకేజీ వినతిని నేనే పెడతాను.