డాష్‌బోర్డు ట్రిమ్‌కు ఇంట్లో రంగు వేసుకోవచ్చా? చెన్నైలో అది నిలుస్తుందా?

వేళచ్చేరి వాసి:
మా కారులో గేర్ లివర్ చుట్టూ, ఏసీ వెంట్ల చుట్టూ ఉన్న ట్రిమ్ పలకల వెండిరంగు పూత గీతలు పడింది. ఉంగరం తగిలేచోట పూర్తిగా లేచిపోయి, అడుగున ఉన్న నల్ల ప్లాస్టిక్ బయటపడింది. కొత్త పలకలకు షోరూములో చెప్పిన ధర విన్నాక, అడుగు పూతగా వేసే ప్రైమరు, రంగు, పైన వేసే పారదర్శకమైన క్లియర్ కోటు ఒక్కో డబ్బా కొనుక్కుని నేనే వేసుకోవడం మేలనిపించింది. 400 మిల్లీలీటర్ల స్ప్రే డబ్బాలు జనరల్ ప్యాటర్స్ రోడ్డులో సులువుగా దొరుకుతాయి, మా అపార్ట్‌మెంటు మేడ మీద నీడ కూడా ఉంది. ఓపిక ఉన్నవాడు ఇంట్లో చేసుకోదగిన పనే ఇది అని నా వాదన. కాదనేవారు ఊరికే వద్దనకుండా, ఎందుకు వద్దో చెప్పాలని కోరుతున్నాను.

అంబత్తూరు పాతకారు:
కారణం మన ఊరి వాతావరణమే. ఎండలో నిలిపిన కారులో డాష్‌బోర్డు పైభాగం 70 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, సాయంత్రానికి చల్లబడుతుంది. ప్లాస్టిక్ రోజూ వ్యాకోచించి సంకోచిస్తుంటే, దానిని గట్టిగా పట్టుకోని పూత మొదట అంచుల దగ్గర లేస్తుంది, ఆ తరువాత గోటితో గీకితే పొరలు పొరలుగా ఊడి వస్తుంది. అమ్మకానికి వచ్చిన పాత కార్లలో ఇలాంటివి చాలా చూశాను. కొనేవాడు ఇంజను కన్నా ముందు ఆ ఊడిన రంగునే చూసి ధర తగ్గిస్తాడు. పుదుపేటలో అదే మోడల్ పలక పాతది మంచి స్థితిలో దొరికితే తెచ్చి బిగించుకోండి, లేదా వినైల్ అనే పలుచని స్టిక్కరు పొర అంటించుకోండి. వినైల్ నచ్చకపోతే రేపు పీకేయవచ్చు. రంగు విషయంలో ఆ వెసులుబాటు ఉండదు.

పెరంబూరు ప్రైమర్:
అంబత్తూరు గారు చూసిన ఊడిన రంగుల మాట నిజమే, కానీ నేరం ఎండ మీద మోపడం సరికాదు. కార్ల తయారీదారులు కూడా ఇదే ప్లాస్టిక్ మీద రంగే వేస్తారు, అది ఇదే ఎండలో ఏళ్ల తరబడి ఉంటుంది. తేడా అంతా అడుగున ఉన్న ప్లాస్టిక్ ఏది, దానిని ఎలా శుభ్రం చేశారు అన్న దగ్గర ఉంది.

పలకను ఊడదీసి వెనక్కి తిప్పితే, దాని మీద ప్లాస్టిక్ రకాన్ని తెలిపే, అచ్చులోనే పోసిన చిన్న అక్షరాలు కనిపిస్తాయి. ఏబీఎస్ అనో, పీసీ ప్లస్ ఏబీఎస్ అనో ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు, ఎందుకంటే అది రంగును బాగా పట్టుకుంటుంది. పీపీ అని ఉంటే అది పాలీప్రొపిలీన్. పక్కనే టీడీ 20 అని కూడా ఉంటే, అందులో 20 శాతం టాల్క్ పొడి కలిపారని అర్థం. పాలీప్రొపిలీన్ ఉపరితలానికి దేనినీ అంటించుకునే గుణం లేదు కనుక, అడ్హీషన్ ప్రమోటర్ అనే పారదర్శకమైన ద్రవం ముందుగా కొట్టకపోతే ఎంత ఖరీదైన రంగైనా ఊడి తీరుతుంది. చాలామంది ఈ అక్షరాలు చూడకుండానే పని మొదలుపెడతారు.

రెండవ శత్రువు మనం మెరుపు కోసం పూసే డాష్‌బోర్డు పాలిష్. అందులోని సిలికాన్ ప్లాస్టిక్ మీద కంటికి కనిపించని జిడ్డుగా మిగిలిపోతుంది. దాని మీద రంగు పడగానే చేపకన్నుల్లాంటి గుంటలు తేలుతాయి. గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆ తరువాతే 600 నంబరు వాటర్ పేపర్ పట్టాలి. తుడవకుండా రుద్దితే ఆ జిడ్డును గీతల్లోకి కూరినట్టే. అసిటోన్ మాత్రం వాడకండి, అది ఏబీఎస్‌నే కరిగిస్తుంది.

ఇక చెన్నై సంగతి. ఇక్కడ అసలు సమస్య వేడి కన్నా తేమ. లాకర్ రకం రంగును (థిన్నర్ ఆవిరైపోయి ఆరే రంగును) కొట్టాక ఆ థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి, గాలిలోని తేమ దాని మీద చేరుతుంది. అప్పుడు పూత పొగమంచు పట్టినట్టు తెల్లబారుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానల రోజుల్లో ఈ పని పెట్టుకోకండి. వేసవిలో అయితే పొద్దు ఎక్కి తేమ తగ్గాక మొదలుపెట్టి, మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగేలోపు ముగించండి. ఆ గాలి తేమతో పాటు మేడ మీది దుమ్మునూ మోసుకొస్తుంది.

అడయారు నుంచి:
ఒక్క హెచ్చరిక. ముందు సీటు ప్రయాణికుడి ఎదురుగా ఉన్న ఎయిర్‌బ్యాగ్ మూత జోలికి ఎవరూ వెళ్లవద్దు. 2021 ఏప్రిల్ నుంచి కొత్త మోడళ్లన్నిటికీ అటువైపు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. మూత చీలవలసిన గీత చాలా కార్లలో పైకి కనబడదు, అడుగు వైపు నుంచి కోసి ఉంటుంది. దాని మీద మందంగా రంగు పేరిస్తే మూత అనుకున్న తీరులో చీలకపోవచ్చు, ఆ రంగు పెచ్చులు ముఖం మీదికి ఎగరవచ్చు. అలాగే డాష్‌బోర్డు పైభాగానికి నిగనిగలాడే రంగు వేస్తే అది ముందు అద్దంలో ప్రతిబింబించి రోడ్డును కప్పేస్తుంది. కంపెనీలు అక్కడ మెరుపు లేని ముదురు రంగు ఉంచేది అందుకే.

వేళచ్చేరి వాసి:
ఆ రెండు చోట్లకూ నేను వెళ్లడం లేదు. పెరంబూరు గారి మాట విని ఒక వెంటు పలకను ఇప్పి చూశాను. వెనక పీసీ ప్లస్ ఏబీఎస్ అనే ఉంది. వినైల్ సలహాను ఆలోచించాను కానీ, వెంటు మూలల్లో వంపు ఎంత బిగువుగా ఉందంటే, వేడి గాలి పట్టి సాగదీసి అంటించినా అది కొన్నాళ్లకు వెనక్కి లాగుకుని అంచు చూపిస్తుంది. కాబట్టి నా వాదనలో మార్పు లేదు.

అంబత్తూరు పాతకారు:
వెంట్ల వరకు ఒప్పుకుంటాను. గేర్ లివర్ చుట్టూ ఉన్న పలక సంగతి వేరు, ఎందుకంటే దానికి చేతి చెమట, సన్‌స్క్రీన్, తాళం చెవులు, ఫోను రోజంతా తగులుతూనే ఉంటాయి. డబ్బాలో దొరికే మామూలు క్లియర్ కోటు ఆ రాపిడికి ఎంతకాలమో ఆగదు. ఆగేది, పూతను గట్టిపరిచే హార్డెనర్ ద్రవం కలిపే టూకే రకం. దానిలో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి; ఆ తుంపర పీలిస్తే ఆస్తమా రావచ్చు. దుమ్ముకు కట్టుకునే గుడ్డ మాస్కు దానిని ఆపదు. పక్కింటివారు బట్టలు ఆరేసే మేడ మీద దానిని కొట్టడం అన్యాయం. ఆ ఒక్క పలకను మీరు ఇంట్లో రుద్ది, శుభ్రం చేసి, రంగు షెడ్డుకు ఇవ్వండి. షెడ్డువాళ్లు వసూలు చేసేది ఎక్కువగా ఆ రుద్దుడు పనికే.

పెరంబూరు ప్రైమర్:
టూకే మేడ మీద వద్దన్నది న్యాయమైన మాట. కానీ మామూలు క్లియర్ కోటును మరీ తక్కువ చేయకండి. గంటలో చేతికి అంటకుండా ఆరినంత మాత్రాన అది గట్టిపడినట్టు కాదు. లోపలి థిన్నర్ పూర్తిగా పోవడానికి రోజులు పడుతుంది. చాలామంది ఆ సాయంత్రమే బిగించి, మరునాడు గోటి గుర్తు పడితే డబ్బాను తిడతారు. పలకను వారమో రెండు వారాలో విడిగా ఉంచి ఆ తరువాత బిగిస్తే ఫలితం వేరుగా ఉంటుంది.

వేళచ్చేరి గారూ, కొట్టే ముందు పలక వెనక ఉన్న క్లిప్పులకూ, పక్క పలకతో ఒరుసుకునే అంచులకూ మాస్కింగ్ టేపు వేయడం మరువకండి. అక్కడ రంగు పేరుకుంటే పలక బిగువుగా కూర్చోదు, గతుకుల రోడ్డు మీద కిర్రుమంటూనే ఉంటుంది. అన్ని పలకలూ ఒకేసారి ఇప్పకుండా, అన్నింటికన్నా చిన్న వెంటు పలకతో మొదలుపెట్టండి.

వేళచ్చేరి వాసి:
అలాగే చేస్తాను. వెంట్లు ఇంట్లో, గేర్ పలక షెడ్డులో. అయితే రెండు చోట్లా ఒకే వెండిరంగు కుదరాలి కదా. మెటాలిక్ రంగు స్ప్రే డబ్బాతో కొడితే ఒక ఛాయ, షెడ్డువాళ్ల స్ప్రే గన్నుతో కొడితే ఒక ఛాయ వస్తుందంటారు. అంబత్తూరు గారు దీనికి ఏమంటారు?

అంబత్తూరు పాతకారు:
వెండి మానేసి, మెరుపు లేని ముదురు బూడిదరంగు ఎంచుకోండి. అందులో మెటాలిక్ రేణువులు ఉండవు కనుక తేడా అంతగా తెలియదు. దాని మీద వేలిముద్రలు కూడా తక్కువగా కనబడతాయి.