‘చేరి ఉండాలి’కి మస్టా, షుడ్డా?

ప్రశ్న: ‘వాళ్ళు ఈపాటికి చేరి ఉండాలి’ అనే వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్పమంటే కొందరు ‘దే మస్ట్ హ్యావ్ రీచ్డ్’ అంటున్నారు, ఇంకొందరు ‘దే షుడ్ హ్యావ్ రీచ్డ్’ అంటున్నారు. రెండూ ఒప్పేనా? తేడా ఉంటే తెలుగు వాక్యంలోనే దాన్ని పట్టుకునే గుర్తు ఏదైనా ఉందా?

జవాబు: రెండూ ఒప్పేనండీ, అర్థాలే వేరు. చిక్కంతా మన ‘ఆలి’లో ఉంది. ‘వెళ్ళాలి’ అంటే విధి. ‘వెళ్ళి ఉండాలి’ అంటే ఊహ. ఆ ఊహలో మళ్ళీ రెండు రకాలు. లెక్క ప్రకారం జరగాల్సింది ఒకటి, కళ్ళ ముందున్న ఆనవాలు చూసి తేల్చుకున్నది రెండోది. తెలుగు రెండింటినీ ఒకే మాటతో లాగిస్తుంది, ఇంగ్లీషు విడదీస్తుంది.

గుర్తు ఇదీ: వాక్యం చివర ‘కానీ చేరలేదు’ అని తగిలించి చూడండి. ‘బస్సు ఆరింటికి బయలుదేరింది, రెండు గంటల దారి, ఎనిమిదిన్నరకల్లా చేరి ఉండాలి, కానీ ఇంకా చేరలేదు.’ చక్కగా అతికింది, కాబట్టి షుడ్. ‘గుమ్మం ముందు వాళ్ళ చెప్పులున్నాయి, లోపల మాటలు వినబడుతున్నాయి, వచ్చి ఉండాలి, కానీ రాలేదు.’ ఇది అతకదు. ఆనవాలు చూసి తేల్చేశాక కాదనడానికి చోటుండదు, కాబట్టి మస్ట్. ఈ రెండో చోట ‘వచ్చే ఉంటారు’ అన్నా అదే అర్థం. ఆ ‘ఏ’తో చెప్పగలిగిన ప్రతిచోటా మస్ట్ దాదాపుగా నప్పుతుంది.

ఇంకో జవాబు: దీనికి ఒక ముక్క కలుపుతాను. ఊహలో షుడ్ వాడితే ‘అనుకున్నట్టు సాగితే’ అనే ఛాయ ఉంటుంది. అందుకే మనకు గిట్టని వాటికి అది నప్పదు. ‘పరీక్ష తేలిగ్గా ఉండాలి’ అని ఊహిస్తే షుడ్ బి ఈజీ. ‘దారిలో రద్దీ ఉంటుంది’ అని ఊహిస్తే మాత్రం షుడ్ కాదు, విల్ అనండి. అలాగే రేపటి సంగతి ఊహించడానికి మస్ట్ వాడకండి. ‘ఇట్ మస్ట్ రెయిన్ టుమారో’ అంటే వాన పడి తీరాలని ఆజ్ఞాపిస్తున్నట్టు వినబడుతుంది. తేల్చుకోవడానికి వాడే మస్ట్‌ది ఇప్పటి సంగతి, లేదా జరిగిపోయిన సంగతి.

ప్రశ్న: మరి వ్యతిరేకంలో? ‘ఇంట్లో ఉండి ఉండరు’ అంటే మస్ట్ నాట్ బి ఎట్ హోమ్ అనవచ్చా?

జవాబు: ఎక్కువ మంది జారిపడే మెట్టు ఇదే. మస్ట్ పక్కన నాట్ పెడితే ముందుగా వినబడే అర్థం నిషేధం: ‘వెళ్ళకూడదు’, మస్ట్ నాట్ గో. తేల్చుకున్న అర్థానికి ఎదురుమాట కాంట్: ‘దీపం లేదు, తాళం వేసి ఉంది, ఇంట్లో ఉండి ఉండరు’, దే కాంట్ బి ఎట్ హోమ్. ఇక ‘వెళ్ళనక్కర్లేదు’ వేరే సంగతి, అది డోంట్ హ్యావ్ టు గో. ‘కూడదు’నీ ‘అక్కర్లేదు’నీ తెలుగులో మనం ఏనాడూ కలిపెయ్యం. ఇంగ్లీషులోకి వచ్చేసరికి మస్ట్‌కి నాట్ చేర్చేస్తే సరిపోతుందనుకోవడం వల్లే ‘రానక్కర్లేదు’ కాస్తా ‘రాకూడదు’ అయి కూర్చుంటుంది.

మరొకరు: చిన్న సవరణ. అమెరికా ఇంగ్లీషులో ‘హి మస్ట్ నాట్ హ్యావ్ హర్డ్’, అంటే ‘వినబడి ఉండదు’ అనే వాడుక మామూలే. చదివేటప్పుడు అది కనిపిస్తే తప్పనుకోవద్దు. రాసేటప్పుడు మాత్రం నేర్చుకునేవాళ్ళకు కాంట్ హ్యావ్ నిలకడైన దారి.

‘రాకపోవచ్చు’ దగ్గరా జాగ్రత్త. అది మే నాట్ లేదా మైట్ నాట్. కుడ్ నాట్ అంటే సందేహం పోయి ‘వీల్లేదు’, ‘చేతకాలేదు’ అనే వైపు వెళ్ళిపోతుంది. నాట్ లేనప్పుడు ‘రావచ్చు’కి మే, మైట్, కుడ్ మూడూ పనికొస్తాయి.

జవాబు: జరిగిపోయిన వాటికి తెలుగే మంచి కొలబద్ద. ‘వెళ్ళాల్సి వచ్చింది’: తప్పలేదు, వెళ్ళాడు, హ్యాడ్ టు గో. ‘వెళ్ళాల్సింది’: వెళ్ళి ఉంటే బాగుండేది, వెళ్ళలేదు, షుడ్ హ్యావ్ గాన్. ‘వెళ్ళే ఉంటాడు’: చూడలేదు, తేల్చుకున్నాం, మస్ట్ హ్యావ్ గాన్. ‘అనవసరంగా వెళ్ళాడు’: నీడ్ నాట్ హ్యావ్ గాన్. మస్ట్‌కి భూతకాలం కావాలనుకుని మస్ట్ హ్యావ్ పెట్టేస్తే మొదటి వాక్యం మూడోదైపోతుంది. బలవంతం మాయమై అనుమానం మిగులుతుంది.

అభ్యాసానికి ఒకే దృశ్యం తీసుకోండి, ఉదాహరణకు ఖాళీగా ఉన్న కుర్చీ, దాని పక్కన సగం తాగిన టీ. దాని మీద తెలుగులో ఐదు వాక్యాలు రాయండి: విధి, లెక్క, సందేహం, తేల్చుకున్నది, వీల్లేనిది. ‘కానీ’ పరీక్ష పెట్టి, ఆ తర్వాతే ఇంగ్లీషులోకి మార్చండి. నేరుగా ఇంగ్లీషులో మొదలుపెడితే అన్నిటికీ మస్టే వచ్చేస్తుంది.

ప్రశ్న: మూడు రాశాను, చూడండి. టీ వేడిగా ఉంది: ‘షి మస్ట్ హ్యాజ్ జస్ట్ లెఫ్ట్’. బ్యాగు ఇక్కడే ఉంది: ‘షి కాంట్ హ్యావ్ గాన్ ఫార్’. సమావేశం ఐదింటికి: ‘షి షుడ్ బి బ్యాక్ బై ఫైవ్’.

జవాబు: రెండోదీ మూడోదీ భేష్. మొదటిదాంట్లో హ్యాజ్ తీసి హ్యావ్ పెట్టండి. షి ఉన్నా, హి ఉన్నా, మస్ట్ తర్వాత క్రియ మారదు. హ్యాజ్‌కి చోటున్నది మస్ట్ బదులు ‘షి హ్యాజ్ టు గో’ అన్నప్పుడు. మిగిలిన రెండు, విధీ సందేహమూ, అదే కుర్చీ మీద రాసి పెట్టండి.