వీఎంకి సీపీయూ ఫీచర్లు: కెర్నెల్ ఇంటర్ఫేస్‌లో ఫీచర్‌కో ఫ్లాగ్ ఉండాలా, రిజిస్టర్ దారి మేలా?

గోదారిగట్టు:
లినక్స్‌లో వర్చువల్ మెషిన్లను (వీఎం) నడిపే కేవీఎం 2007లో లినక్స్ 2.6.20తో కెర్నెల్‌లోకి వచ్చింది. ఇన్నేళ్లయినా ఒక విషయంలో ఒక్కో ఆర్కిటెక్చర్ వాళ్లది ఒక్కో దారి. వర్చువల్ మెషిన్‌కి ఏ సీపీయూ ఫీచర్లు కనిపించాలో కెర్నెల్ బయట (యూజర్‌స్పేస్‌లో) ఉండి వీఎంని నడిపే క్యూఎము లాంటి ప్రోగ్రామ్ కెర్నెల్‌కి ఎలా చెప్పాలి? ఎక్స్86లో సీపీయూఐడీ (ప్రాసెసర్ తన ఫీచర్లు చెప్పే) పట్టిక మొత్తం ఒకేసారి ఇస్తాం. ఆర్మ్64లో వీసీపీయూ (వీఎంలోని వర్చువల్ సీపీయూ) ఇనిట్ చేసేటప్పుడు, అంటే సిద్ధం చేసేటప్పుడు, కొన్ని ఫీచర్లకు ఫ్లాగ్ బిట్లు పెడతాం, మిగతావి ఫీచర్లను తెలిపే ఐడీ రిజిస్టర్లలో ఉంటాయి. ఎస్390లో అయితే ఒక్క వీసీపీయూ కూడా పుట్టకముందే వీఎం మొత్తానికీ మోడల్ ఖాయం చేయాలి.

రేపు కొత్త ఆర్కిటెక్చర్‌కి మీరే రాయాల్సి వస్తే ఏది ఎంచుకుంటారు? నా ఓటు రిజిస్టర్ దారికే, అంటే ఒక్కో రిజిస్టర్‌ని చదివే గెట్ వన్ రెగ్, రాసే సెట్ వన్ రెగ్. ప్రతి రిజిస్టర్‌కీ 64 బిట్ల ఐడీ ఉంటుంది. అది ఏ ఆర్కిటెక్చర్‌దో, దాని సైజు ఎంతో ఆ ఐడీలోనే ఉంటుంది. గెట్ రెగ్ లిస్ట్ అడిగితే ఆ వీసీపీయూకి ఉన్నవన్నీ వస్తాయి. ఏదైనా రిజిస్టర్ అర్థం క్యూఎముకి తెలియకపోయినా ఇక్కడ చదివి అవతలి హోస్ట్‌లో (వీఎంని నడిపే అసలు మెషిన్‌లో) రాసేయగలదు. కొత్త ఫీచర్ వచ్చినా స్ట్రక్ట్ (డేటా అమరిక) మారదు, ఐఆక్టల్ (కెర్నెల్‌ని అడిగే కాల్) మారదు.

స్ట్రక్ట్ సైజు ముందే బిగిస్తే ఏమవుతుందో ఎక్స్86లో సీపీయూ స్టేట్‌ని దాచే ఎక్స్‌సేవ్‌లో చూశాం. గెట్ ఎక్స్‌సేవ్‌కి 4096 బైట్లు పెట్టారు. తర్వాత ఇంటెల్ ఏఎంఎక్స్ (మాట్రిక్స్ లెక్కల ఫీచర్) వచ్చింది. దాని టైల్ డేటా ఒక్కటే 8192 బైట్లు! లినక్స్ 5.17లో గెట్ ఎక్స్‌సేవ్2 తేక తప్పలేదు.

నల్లమల64:
ఆ ఉదాహరణలో సగమే చెప్పారండీ. ఏఎంఎక్స్‌కి సైజు పెంచితే సరిపోలేదు. గెస్ట్ (వీఎం లోపల నడిచే సిస్టమ్) కోసం ఆ స్టేట్ వాడుకుంటానని ప్రాసెస్ ముందుగా ఆర్చ్ పీఆర్‌సీటీఎల్ అనే కాల్‌తో అనుమతి అడగాలి. ఎందుకంటే మెమరీ ఖర్చు ఉంది, ఆ ఖర్చుకి యూజర్‌స్పేస్ ఒప్పుకోవాలి. ఒక రిజిస్టర్‌లో బిట్ రాయడాన్ని అలాంటి ఒప్పుకోలుగా తీసుకోకూడదని నా అభిప్రాయం.

ఆర్మ్ ఎస్వీఈ (వెక్టర్ లెక్కల ఫీచర్) సంగతీ అంతే. వెక్టర్ పొడవు 128 నుంచి 2048 బిట్ల దాకా, 128 గుణిజాల్లో ఉండొచ్చు. పొడవు తేలితే తప్ప రిజిస్టర్లకు ఎంత జాగా కావాలో తెలియదు. అందుకే 5.2లో మూడు మెట్లు పెట్టారు: ఇనిట్‌లో ఎస్వీఈ ఫ్లాగ్, తర్వాత ఏ పొడవులు కావాలో చెప్పే సూడో (హార్డ్‌వేర్‌లో లేని) రిజిస్టర్, ఆపైన ఫైనలైజ్ (ఖాయం చేయడం). ఫైనలైజ్ కాకముందు ఎస్వీఈ రిజిస్టర్లను ముట్టుకుంటే ఈపెర్మ్ (అనుమతి లేదనే ఎర్రర్) వస్తుంది. మీ రిజిస్టర్ జాబితా మారేదే ఆ ఫ్లాగ్ వల్ల. ముందు ఫ్లాగ్, తర్వాతే రిజిస్టర్.

గోదారిగట్టు:
వరుస కావాలన్నది నిజమే, దాన్ని కాదనను. వరుస కోసం ఫీచర్‌కో ఫ్లాగ్ ఎందుకన్నదే నా ప్రశ్న. ఆర్మ్‌లోని పాయింటర్ ఆథెంటికేషన్ (పాయింటర్లను ఎవరైనా మార్చారేమో పట్టే ఫీచర్) చూడండి. ఆర్కిటెక్చర్‌లో అడ్రస్, జెనెరిక్ అని రెండు భాగాలు ఉన్నాయని రెండు ఫ్లాగులు పెట్టారు. హోస్ట్‌లో రెండూ ఉంటే రెండూ కలిపి అడగాలి, లేదా రెండూ మానేయాలి. విడివిడిగా అడగడానికి వీల్లేని వాటికి రెండు బిట్లు ఖర్చయ్యాయి, పైగా ఆ షరతు డాక్యుమెంట్ చదివితేనే తెలుస్తుంది. అదే విషయాన్ని ఐడీ రిజిస్టర్లు ముందే చెబుతున్నాయి కదా.

వలసపక్షి:
నేను సర్వర్లు నడిపే వైపు ఉన్నాను. మా బాధ లైవ్ మైగ్రేషన్, అంటే నడుస్తున్న వీఎంని ఆపకుండా ఇంకో హోస్ట్‌కి మార్చడం. ఆర్మ్64లో 6.7కి ముందు చాలా ఐడీ రిజిస్టర్లు పేరుకే రాయదగ్గవి. హోస్ట్ కెర్నెల్ చూపించే విలువనే తిరిగి రాస్తే ఒప్పుకుంటుంది, ఒక్క బిట్ తేడా ఉన్నా ఈఇన్వాల్ (విలువ చెల్లదనే ఎర్రర్). సగం హోస్టులకు కొత్త కెర్నెల్ ఎక్కించామనుకోండి. ఆ కొత్త కెర్నెల్ ఒక ఫీచర్‌ని అదనంగా గెస్ట్‌కి చూపిస్తే, అక్కడ పుట్టిన వీఎం పాత హోస్ట్‌కి వెళ్లదు. ప్రాసెసర్ రెండు చోట్లా ఒకటే అయినా సరే. రాత్రిపూట మెయింటెనెన్స్‌లో ఇది బయటపడితే ఎంత టెన్షనో పడినవాళ్లకే తెలుసు.

6.7లో చాలా రిజిస్టర్లలో ఫీచర్లను తగ్గించి రాయనిచ్చారు. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైంది, ఏ బిట్లు మార్చవచ్చో చెప్పే రైటబుల్ మాస్క్ ఐఆక్టల్ కూడా అప్పుడే వచ్చింది. నాకు ఫ్లాగైనా ఒకటే, రిజిస్టరైనా ఒకటే. వీఎం మొదలవకముందే కెర్నెల్ మూడు చెప్పాలి: ఏమి ఇవ్వగలదు, ఏమి ఇచ్చింది, ఏది ఒప్పుకోదు. తెలియని బిట్ వస్తే మౌనంగా తీసుకునే ఇంటర్ఫేస్ అన్నిటికన్నా చెడ్డది. ఫైల్ తెరిచే పాత ఓపెన్ కాల్ తెలియని ఫ్లాగులను పట్టించుకోదు కాబట్టే, కొత్త ఫ్లాగ్ పెట్టినా పాత కెర్నెల్ దాన్ని వదిలేసిందో, పాటించిందో ప్రోగ్రామ్‌కి తెలిసేది కాదు. ఓపెన్ఎట్2 వచ్చాకే ఆ చిక్కు తీరింది.

పాతకోట:
వలసపక్షి గారి మాటకు ఎక్స్86 నుంచి సాక్ష్యం. డిజేబుల్ క్వర్క్స్ (కేవీఎం పాత వింత ప్రవర్తనలను, అంటే క్వర్క్‌లను ఆపేది) అనే కేపబిలిటీ ఉండేది. ఏ క్వర్క్ బిట్లు ఈ కెర్నెల్‌కి తెలుసో అడిగే దారి లేదు. అందుకే డిజేబుల్ క్వర్క్స్2 పెట్టారు, అది బిట్‌మాస్క్ తిరిగి ఇస్తుంది. సీపీయూఐడీ పట్టిక ఇచ్చే సెట్ సీపీయూఐడీ2 పుట్టింది వేరే కారణంతో. మొదటి స్ట్రక్ట్‌లో సబ్‌లీఫ్ (పట్టికలోని ఉప-వరుస) ఇండెక్స్‌కి చోటే లేదు.

వరుస గురించి కూడా ఒకటి. గెస్ట్ నడిచాక సీపీయూఐడీ మార్చకూడదని 5.16లో గట్టిగా ఆపేశారు. క్యూఎము సీపీయూ హాట్‌ప్లగ్‌లో (వీఎం నడుస్తుండగా సీపీయూని తీసి పెట్టడంలో) పాత వీసీపీయూనే మళ్లీ వాడుతుంది, అది విరిగింది. తర్వాత అదే విలువ రాస్తే ఒప్పుకునేలా సడలించారు. మార్పులకు తలుపు ఎప్పుడు మూస్తారో మొదటి రోజే రాసి పెట్టకపోతే, తర్వాత మూయబోయేసరికి ఎవరిదో ఒకరి ప్రోగ్రామ్ విరుగుతుంది.

కొత్తమొలక:
కొత్త ఆర్కిటెక్చర్ అన్నారు కదా, రిస్క్-వీ వాళ్లు ఏం చేశారు?

గోదారిగట్టు:
మంచి ప్రశ్న. రిస్క్-వీ కేవీఎం 5.16లో వచ్చింది. అక్కడ ఒక్కో ఎక్స్‌టెన్షన్‌కి (అదనపు ఫీచర్‌కి) ఒక వన్ రెగ్ ఐడీ, విలువ 0 లేదా 1. వీసీపీయూ ఒక్కసారి నడిచాక మార్చబోతే ఈబిజీ ఎర్రర్. నల్లమల64 గారు అడిగిన స్పష్టమైన ఒప్పుకోలు ఇందులో ఉంది, నేనడిగిన జాబితా, ఐడీలో సైజు కూడా ఉన్నాయి. కొత్త ఎక్స్‌టెన్షన్ వస్తే ఇంకో ఐడీ చేరుతుంది, అంతే. ఆర్మ్ 224 బిట్ల ఫీచర్ బిట్‌మ్యాప్‌కన్నా నాకు ఇదే నచ్చింది.

నల్లమల64:
ఇది నాకూ సమ్మతమే. కానీ ఒక్క చిక్కు మిగిలే ఉంది. ఒక్కో రిజిస్టర్ విడిగా రాస్తుంటే మధ్యలో అసంపూర్ణమైన కలయికలు ఉంటాయి. ఒక ఫీచర్ ఆపేశారు, దాని మీద ఆధారపడేది ఇంకా ఆపలేదు. ప్రతి రాతకీ తనిఖీ పెడితే ఏది ముందు రాయాలన్న తలనొప్పి. చివర్లో పెడితే తప్పు ఒకచోట, ఎర్రర్ ఇంకోచోట. వచ్చేది ఒట్టి ఈఇన్వాల్, ఏ రిజిస్టర్ వల్లో చెప్పదు.

పాతకోట:
ఎక్స్86లో ఎంఎస్ఆర్ అనే ప్రత్యేక రిజిస్టర్లను రాసే సెట్ ఎంఎస్ఆర్స్ ఒకేసారి పట్టికంతా తీసుకుని, ఎన్ని రాయగలిగిందో అంకె తిరిగి ఇస్తుంది. ఎక్కడ ఆగిందో దాన్నిబట్టి క్యూఎము ఫలానా ఎంఎస్ఆర్ అని పేరు పెట్టి చెప్పగలదు. వన్ రెగ్‌కి కూడా అలా గుంపుగా రాసే ఐఆక్టల్ ఉంటే, తనిఖీ గుంపు చివర ఒకసారి చేసి తప్పు పట్టిన ఐడీని వెనక్కి ఇవ్వవచ్చు.

నల్లమల64:
అది ఉంటే నా ఓటు మీ వైపే. లేనంతవరకు, మెమరీ ఖర్చున్న ఫీచర్లకు ఇనిట్‌లో ఫ్లాగ్ ఉండాల్సిందే అంటాను.