ఎడమ జేబంటే ఎవరి ఎడమ? స్కౌట్ చొక్కా మీద బ్యాడ్జీల పంచాయితీ

మహేంద్రతనయ గట్టు (పర్లాకిమిడి)
ర్యాలీ వస్తోందంటే చాలు, ఇదే గొడవ. పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం పిల్లల్ని ఒక వరసలో నిలబెడితే ఒకే హోదాకి మూడు రకాల చొక్కాలు కనబడతాయి. పెట్రోల్ (పిల్లల చిన్న జట్టు) సెకండ్, అంటే ఉపనాయకుడి తెల్ల పట్టీ కొందరికి జేబు బ్యాడ్జీకి ఈ పక్క, కొందరికి ఆ పక్క. ద్వితీయ సోపాన్ (స్కౌట్ శిక్షణలో రెండో మెట్టు) పిల్లడి చేతి మీద ప్రథమ సోపాన్ బ్యాడ్జీ కూడా వేలాడుతుంటుంది; కొత్తది వస్తే పాతది తీసేయాలంటారు కొందరు. దీనికి తోడు "ఒడిశాలో ఒక పద్ధతి, పాతపట్నం దాటి ఆంధ్రాలోకి వెళ్తే ఇంకో పద్ధతి" అని ఒక మాట. ఏది సరైందో కుట్టు దగ్గర్నించీ చెప్పగలిగినవాళ్ళు చెప్పండి. ప్రస్తుతానికి అబ్బాయిల యూనిఫామ్ గురించే అడుగుతున్నాను.

ఏప్రో పేజీలు (బరంపురం)
ముందు ఆ సరిహద్దు మాట తీసి పక్కన పెట్టండి. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌కి యూనిఫామ్ నియమం దేశమంతటికీ ఒక్కటే. అది సంస్థ నియమాల పుస్తకం ఏప్రోలో ఉంటుంది: స్కౌట్లకి రెండో భాగం, గైడ్లకి మూడో భాగం. పర్లాకిమిడిలో కుట్టినా పాతపట్నంలో కుట్టినా చదవాల్సింది ఆ పుస్తకమే. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది గానీ పిల్లడి జేబు చోటు మారలేదు.

చొక్కా స్టీల్ గ్రే, రెండు అతుకు జేబులు, భుజాల మీద పట్టీలు. కింద నేవీ బ్లూ నిక్కరో ప్యాంటో. తలకి ముదురు నీలం బెరెట్. మెడలో గ్రూపు స్కార్ఫ్, త్రికోణం, దాని రెండు అంచులూ 70 నుంచి 80 సెంటీమీటర్లు, కాలరు మీదుగా వేసుకోవాలి. పసుపు రంగు మాత్రం గ్రూపు ఎంచుకోకూడదు. వాగిల్ (స్కార్ఫుని మెడ దగ్గర బిగించే రింగు) గ్రూపుదే ఉండాలి. గిల్‌వెల్ వాగిల్ శిక్షణ పూర్తిచేసిన పెద్దలది, పిల్లల మెడలో కనబడకూడదు.

ఎడమ జేబు నడిమధ్య సభ్యత్వ బ్యాడ్జీ, అంటే ఆకుపచ్చ గుడ్డ మీద పసుపు గుర్తు. కుడి జేబు నడిమధ్య ప్రపంచ స్కౌట్ బ్యాడ్జీ, ఊదా మీద తెలుపు. దీక్ష (స్కౌట్ ప్రతిజ్ఞ చేసి చేరడం) కాని పిల్లలకి ఈ రెండూ ఉండకూడదు. ఫొటోలో అందరూ ఒకేలా ఉండాలని ముందే కుట్టించేస్తుంటారు, అది తప్పు.

పెట్రోల్ లీడర్‌కి సభ్యత్వ బ్యాడ్జీకి రెండు పక్కలా రెండు తెల్ల పట్టీలు, ఒక్కొక్కటి 6 సెంటీమీటర్ల పొడుగు, ఒకటిన్నర వెడల్పు, నిలువుగా. సెకండ్‌కి ఒకటే, బ్యాడ్జీకి ఎడమ పక్క. పెట్రోల్‌లన్నీ కలిసిన ట్రూప్‌కి లీడరైతే మూడు. ఎడమంటే వేసుకున్నవాడి ఎడమ, చూసేవాడి ఎడమ కాదు.

కాజా గుండీ (బరంపురం)
కుట్టుపని చేసేవాళ్ళం ఎక్కడ పొరబడతామో చెప్తాను, అప్పుడు తప్పు ఎవరిదో తేలుతుంది. చొక్కాని బల్ల మీద ముందువైపు పైకి పెట్టి పరుస్తాం. అప్పుడు మన ఎడమ చేతి పక్కనున్న జేబు పిల్లడి కుడి జేబు. "ఎడమ జేబు" అని చీటీ రాసిస్తే నూటికి సగం ఇక్కడే తిరగబడుతుంది.

చీటీలో ఎడమ, కుడి రాయడం మానేయండి. "కాజాలున్న పక్క", "గుండీలున్న పక్క" అని రాయండి. మగపిల్లల చొక్కాకి కాజాలు ఎడమ ముందుభాగం మీద ఉంటాయి, గుండీలు కుడి మీద. సభ్యత్వ బ్యాడ్జీ కాజాల పక్క, ప్రపంచ బ్యాడ్జీ గుండీల పక్క. సెకండ్ పట్టీ వేసుకున్నవాడి ఎడమ అంటే బ్యాడ్జీకి చంక వైపు, కాజాల వరసకి దూరంగా.

రెండో మూలం సెల్ఫీ. చాలా ఫోన్లు సెల్ఫీని అద్దంలోలా తిప్పి దాచుకుంటాయి. ఆ ఫొటో వాట్సాప్‌లో వచ్చి "ఇలాగే కుట్టండి" అంటే సగం జిల్లా తిరగబడిపోతుంది. ఫొటోలో కాజాలు ఏ పక్కన ఉన్నాయో, భుజం బ్యాడ్జీ అక్షరాలు సరిగా చదవగలుగుతున్నామో చూసుకుని అప్పుడు కత్తెర పట్టాలి.

వంశధార నీళ్ళు (గుణుపురం)
కాజాల సూత్రం బాగుంది గానీ ఒక తిరకాసు ఉంది. ఆడవాళ్ళ కుట్టు అలవాటున్న చోట చిన్నపిల్లల చొక్కాలకి కూడా కాజాలు కుడి పక్క వేసేస్తారు. అక్క చొక్కా తమ్ముడికి వస్తే మరీనూ. కాబట్టి మొదట చొక్కాని పిల్లడికి తొడిగి, గుండె ఉన్న పక్క జేబు మీద సుద్దతో గుర్తు పెట్టాలి. ఆ తర్వాతే బల్ల ఎక్కించాలి.

ఇంకోటి. పాత సోపాన్ బ్యాడ్జీలు తీసేయాలన్న మాట నేను ఒప్పుకోను. పిల్లడు ప్రథమ సోపాన్‌కి ఆర్నెల్లు, ద్వితీయకి తొమ్మిది నెలలు పడి సంపాదించుకున్నవి. ముడులు, ప్రథమ చికిత్స, దిక్సూచి అన్నీ పరీక్షలో చూపించి తెచ్చుకున్నది విప్పి డబ్బాలో పడేయమంటే ఎలా? వరసగా కింద కింద పెడితే ఎవరికి నష్టం?

ఏప్రో పేజీలు (బరంపురం)
నష్టం ఉంది. సోపాన్ బ్యాడ్జీ పతకం కాదు, పిల్లడు ఇప్పుడు ఏ మెట్టు మీదున్నాడో చెప్పే గుర్తు. ఎడమ చేతి మీద భుజానికీ మోచేతికీ నడుమ దానికి ఒకటే చోటు. ప్రథమ సోపాన్ తీసి ద్వితీయ, అది తీసి తృతీయ, తర్వాత రాజ్య పురస్కార్, ఆపైన రాష్ట్రపతి పురస్కారం. ఒకదాని చోట్లోకి ఇంకొకటి వస్తుంది. నాలుగు పెడితే శిబిరంలో కొత్త ట్రైనర్‌కి వాడు దేనికి తయారవుతున్నాడో తెలియదు, తప్పు బృందంలో కూర్చోబెడతారు.

చోటు కూడా లెక్క చూడండి. పదకొండేళ్ళ పిల్లడి పొట్టి చేతి పొడవు 17, 18 సెంటీమీటర్లు. పైన కుట్టు కిందే గ్రూపు పేరున్న భుజం బ్యాడ్జీ, దాని కింద పెట్రోల్ రంగుల రిబ్బన్లు. అంచు మడత పోగా మిగిలేది అరచేయంత. రెండో సోపాన్ పెడితే రిబ్బన్ల కింద ఒకటి దాక్కుంటుంది, మడత మీద ఒకటి ముడుచుకుంటుంది.

నేర్పు చూపించుకోవాలంటే కుడి చెయ్యి ఉంది కదా. ప్రావీణ్య బ్యాడ్జీలు అక్కడికే. వాటిని ఎవరూ విప్పమనరు.

రాయగడ సిగ్నల్ (రాయగడ)
మా వైపు గందరగోళం వేరే రకం. రైల్వే జోన్లకి స్కౌట్స్‌లో రాష్ట్ర హోదా ఉంది. రైల్వే కాలనీ గ్రూపు ఈస్ట్ కోస్ట్ రైల్వే రాష్ట్రం కిందకి, కేంద్రీయ విద్యాలయం కేవీఎస్ రాష్ట్రం కిందకి, నవోదయ ఎన్‌వీఎస్ కిందకి, పక్క వీధి బడి ఒడిశా కిందకి వస్తాయి. ఒకే ఊరు, నాలుగు రాష్ట్రాలు. తండ్రికి బదిలీ అయితే పిల్లడి చొక్కా మీద ఏం మార్చాలో తెలియక మొత్తం కొత్త చొక్కా కొనిపిస్తున్నారు.

మారేవి మూడే: భుజం బ్యాడ్జీలు రెండూ, గ్రూపు రంగు వేరైతే స్కార్ఫు, పెట్రోల్ మారితే రిబ్బన్లు. సభ్యత్వ బ్యాడ్జీ, ప్రపంచ బ్యాడ్జీ, సోపాన్, ప్రావీణ్య బ్యాడ్జీలు అలాగే ఉంటాయి, ఎందుకంటే అవి గ్రూపువి కావు. లీడర్ పట్టీలు మాత్రం తీసేయాలి. కొత్త పెట్రోల్‌లో వాడు ఇంకా లీడర్ కాదు.

చొక్కా కన్నా ముఖ్యం కాగితం. సోపాన్ ఎప్పుడు పూర్తయిందో పాత గ్రూపు స్కౌట్ మాస్టర్ సంతకంతో ప్రగతి కార్డు తెచ్చుకోకపోతే చేతి మీద బ్యాడ్జీ ఉన్నా కొత్తచోట మళ్ళీ పరీక్ష పెడతారు.

కాజా గుండీ (బరంపురం)
భుజం బ్యాడ్జీ మీద ఊరి పేరు, బడి పేరు, జిల్లా పేరు అన్నీ ఇరికించకండి. వంపు తిరిగిన ఆ కాస్త గుడ్డలో అక్షరం చీమంత అవుతుంది, రెండు ఉతుకులకి దారం మెత్తబడి చదవడానికి పనికిరాదు. గ్రూపు పేరు చాలు.

జేబు కొలత గురించి ఎవరూ అడగలేదు గానీ పట్టీలు వంకర్లు పోవడానికి అసలు కారణం అదే. బ్యాడ్జీ అడ్డం 4 సెంటీమీటర్లు ఉందనుకోండి, రెండు పట్టీలు కలిపి 3. మొత్తం 7. జేబు 11 వెడల్పుంటే నాలుగు సందులకీ ఒక్కో సెంటీమీటరు వస్తుంది, కంటికి బాగుంటుంది. 9 వెడల్పు జేబైతే సందు అర సెంటీమీటరే, పట్టీ జేబు అంచు కుట్టు మీదకి ఎక్కుతుంది. నిలువులో మూత 4 సెంటీమీటర్లు మింగుతుంది, కాబట్టి జేబు పొడుగు 12 ఉండాలి. 10 పెడితే పట్టీ తల మూత కిందకి పోతుంది. చిన్న చొక్కాకి మూత 3కి తగ్గించండి, పట్టీ పొడుగు తగ్గించకండి.

పట్టీకి నూలు టేపు వాడేవాళ్ళు ముందు ఒకసారి నీళ్ళలో ఉడికించి ఆరబెట్టాలి. లేకపోతే కుట్టాక కుదించుకుపోయి జేబు గుడ్డని పీకుతుంది. ఊదా బ్యాడ్జీని తడిపి తెల్లగుడ్డ మీద నొక్కి చూడండి, రంగు అంటితే చన్నీళ్ళలో ఉతికి మళ్ళీ చూడండి. అప్పటికీ దిగుతుంటే అంగడికి తిప్పి ఇచ్చేయండి. ఇస్త్రీ లోపలి వైపు నుంచి, పైన పలచటి గుడ్డ వేసి. పాలిస్టర్ దారం నేరుగా వేడి తగిలితే మెరుపెక్కి ముద్దవుతుంది.

జేబు అతికించక ముందే బ్యాడ్జీ కుట్టేస్తే సుఖం. తయారైన చొక్కా అయితే జేబులో అట్టముక్క పెట్టి చేత్తో కుట్టండి. మిషన్ మీద వేస్తే జేబు మూసుకుపోతుంది.

మహేంద్రతనయ గట్టు (పర్లాకిమిడి)
పట్టీ సంగతి తేలిపోయింది. మరి బూట్లు లేని పిల్లల్ని వరసలోంచి తప్పించడం ఏటండీ? నియమంలో నల్ల తోలు బూట్లో గోధుమరంగు క్యాన్వాస్ బూట్లో అని ఉంది, నిజమే. కూలి చేసుకునేవాళ్ళ పిల్లలు అవి ర్యాలీ ముందు రోజుకి ఎక్కడ తెస్తారు?

ఏప్రో పేజీలు (బరంపురం)
నియమం రాసింది యూనిఫామ్ ఏదో చెప్పడానికి. అది లేనివాణ్ణి గెంటమని అందులో ఎక్కడా లేదు. తనిఖీలో మార్కు పోతే పోనీ, వరసలో ఉంచండి. డబ్బు కొద్దిగానే ఉంటే ముందు స్కార్ఫు, సభ్యత్వ బ్యాడ్జీ, తర్వాత బెల్టు, ఆఖరికి బూట్లు. ట్రూప్ నిధితో బూట్లు కొంటే పెద్ద కొలతవి కొనండి, చిన్నవాళ్ళకి ముందు భాగంలో గుడ్డ కూరి వాడచ్చు. ఏటా కొననక్కర్లేదు.

అంగట్లో ఇంకో జాగ్రత్త. హిందుస్థాన్ స్కౌట్స్ వేరే సంస్థ, దాని బ్యాడ్జీలు వేరు. బస్తాలో రెండూ కలిపి పెట్టి అమ్ముతారు. బెల్టు బకిల్ మీద, టోపీ బ్యాడ్జీ మీద భారత్ స్కౌట్స్ గుర్తు చూసి తీసుకోండి. ఎన్‌సీసీ బెరెట్ చవగ్గా వస్తోందని తెచ్చారంటే రంగు తేడా పది అడుగుల దూరం నుంచే కనబడుతుంది.

వంశధార నీళ్ళు (గుణుపురం)
సెకండ్ పట్టీ ఒప్పుకున్నాను, బదిలీ సంగతి ఒప్పుకున్నాను. పాత సోపాన్‌లు మాత్రం ఇంకా మనసొప్పడం లేదు. విప్పినవి లాగ్‌బుక్‌లో, ఆ సోపాన్ పూర్తయిన తేదీ రాసిన పేజీకే కుట్టించమంటాను. ఊరికే విప్పేయమంటే పిల్లడి మొహం చూడలేం.

కాజా గుండీ (బరంపురం)
మంచిదే. అయితే మొదటిసారే మిషన్ కుట్టు వద్దు. ఆర్నెల్లకో తొమ్మిది నెలలకో విప్పాల్సిందే కాబట్టి చేత్తో, చొక్కా రంగు దారంతో, అంచు పొడవునా చిన్న చిన్న పొడుపులు వేయండి. విప్పేటప్పుడు బ్లేడు పెట్టకండి, గుడ్డ తెగుతుంది. లోపలి వైపు నుంచి నాలుగు పొడుపులకొకటి కత్తిరించి లాగితే దారం మొత్తం వచ్చేస్తుంది. కింద ముదురు రంగు మచ్చలా కనబడుతుంది, భయపడొద్దు. అది అసలు చొక్కా రంగు, చుట్టూ ఉన్నదే ఎండకి వెలిసింది. కొత్త సోపాన్ దాని మీదే కూర్చుంటుంది.