సమస్య: చావు పాట వినఁగ సంతసించె

నిర్వాహకుడు, హన్మకొండ: ఆటవెలది నాలుగో పాదం ఇది. పెత్రమాస (మహాలయ అమావాస్య) నాడు వేయి స్తంభాల గుడి ముందు ఎంగిలిపూల బతుకమ్మ ఆడుతుంటే విన్న. పాటల ఒక పిల్ల చచ్చిపోతున్నది, చప్పట్లేమో ఆగుతలేవు. ఆ పాట అర్థమేందో తెల్వక ఈ పాదం రాసుకున్న. మిగిలిన మూడు పాదాలు మీరు పూరించి తేల్చుండ్రి.

కొత్త సభ్యుడు: ‘చా’కు ‘సం’ యతి ఎట్ల కుదురుతదన్నా?

జనగామ పెద్దాయన: యతంటే పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరం జత కుదరాలె. చ ఛ జ ఝ శ ష స ఒకదానికొకటి చెల్లుతయి బిడ్డా.

ములుగు సభ్యుడు:

వాగు నీట నొరిగి వన్నెకెక్కిన బిడ్డ
కథను పాడుచుండ గద్దె చెంత
అమ్మ రాక తెలిసి యడవి జనుల గుంపు
చావు పాట వినఁగ సంతసించె

మేడారం జాతర. సమ్మక్క కొడుకు జంపన్న ప్రాణం విడిచి, సంపెంగ వాగు జంపన్న వాగైన కథ పాడుతుంటే, చిలకలగుట్ట మీదికెల్లి సమ్మక్క వస్తున్నదని ఎదురుచూసే జనం.

జనగామ పెద్దాయన: భావం నిలబడ్డది. ‘చెంత, అమ్మ’ కాడ విసంధి, సంధి చేయకుండ వదిలేసిన్రు. ‘చెంత / నమ్మ రాక’ అనుండ్రి, స్వరయతి, అంటే అచ్చుకే యతి చూస్తరు కాబట్టి ‘యడవి’తో చెడదు. కానీ మీ జనం సంతోషపడ్డది అమ్మ వచ్చినందుకు, పాటకు గాదు. అడిగింది పాట సంగతి.

కరీంనగర్ సభ్యుడు: నేను పాదం విరుస్త. శారద కథంటే ఊళ్లల్ల పాడుకుంట చెప్పే జానపద కథ.

పొద్దు గుంకినాక పొరుగూరి శారద
కథకు సాప పరచి కదల కీవు
చలికి ముడుచుకొనుచు జాములన్నియును వే
చావు పాట వినఁగ సంతసించె

జనగామ పెద్దాయన: ‘వేచావు’! చావును భలే తప్పించినవయ్యా. అది వాడుక రూపం, పద్యంల ‘వేచితివి’ ఉండాలె, అయినా నవ్వొచ్చింది గనుక వదిలేస్తున్న. ‘సంతసించె’కు కర్త ఏడీ?

కరీంనగర్ సభ్యుడు: మా నాయనమ్మ.

జనగామ పెద్దాయన: మరి ‘ఈవు’, అంటే ‘నీవు’, ఎవరు?

కరీంనగర్ సభ్యుడు: ...ఆమెనే.

పరకాల సభ్యురాలు:

అత్త యింట నున్న యాడబిడ్డకు నాడు
తల్లి గొంతు సోకె దవ్వు నుండి
కన్ను చెమ్మగిలఁగఁ గడప పట్టుక లేమ
చావు పాట వినఁగ సంతసించె

పాటల పిల్ల చచ్చిపోతదని ఆమెకు చిన్నప్పట్నుంచీ తెలుసు. వాకిట్ల నిలబడి వింటున్నది కథను గాదు, పాడే గొంతును. అమ్మ పక్కూరికొచ్చి ఆడుతున్నదన్నమాట.

జనగామ పెద్దాయన: గణాలు, యతులు చూసిన, ఎక్కడా చెయ్యి పెట్టే పని లేదు. ఒక్కటే చిక్కు తల్లీ. అత్తింట్ల ఉన్న ఆడబిడ్డ అంటే మనదిక్కు మొగుని చెల్లె అనుకుంటరు!

పరకాల సభ్యురాలు: అయ్యో, నిజమే సార్. ‘అత్త యింట నున్న యా చిన్నదానికి’ అంటే?

జనగామ పెద్దాయన: సరిపోయింది.

నిర్వాహకుడు: అక్కా, ఇంకో మాట తోస్తున్నది. ఆ పాటల చచ్చిపోయిన పిల్ల గురించి చెప్పే ప్రతి చరణం చివర ‘ఉయ్యాలో’ అనే వస్తది. ఏడుపు మాట అనుకుంటనే ఊయల ఊపుతున్నరు. నేను గుడి కాడ చప్పట్లే విన్న, అది వినలే.

పరకాల సభ్యురాలు: సద్దుల బతుకమ్మ నాటికి మళ్ల పోయి విను తమ్మీ.