డ్రాగన్ ఏజ్ 2 తిన్న తిట్లు న్యాయమైనవేనా?

కిర్క్‌వాల్‌వాసి

ఆర్పీజీ (ఒక పాత్రగా మారి ఆడే గేమ్) సిరీస్‌లలో ముంచేసిన సీక్వెల్ ఏదని ఎవరు అడిగినా ముందు వినిపించే పేరు ఇదే. నేను దీని తరఫున మాట్లాడతాను. కథ బయటపెట్టకుండా కుదరదు, ఆడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

సిరీస్‌లో మొదటి గేమ్ ఆరిజిన్స్ 2009 నవంబరులో వచ్చింది, ఇది 2011 మార్చిలో. మధ్యలో పదహారు నెలలే. ఆ తొందర గేమంతా కనిపిస్తూనే ఉంటుంది. అయినా దీన్ని చేసిన బయోవేర్ స్టూడియో తీసిన గేమ్‌లలో ఇంత ధైర్యమున్న కథ ఇంకొకటి లేదంటాను. లోకాన్ని కాపాడే పని ఇక్కడ ఎవరికీ అప్పజెప్పలేదు. ఊరు నాశనమైతే పారిపోయి వచ్చిన ఒక కుటుంబం, కిర్క్‌వాల్ అనే ఒకే నగరం, సుమారు పదేళ్ల కాలం. మనం ఆడే పాత్ర హాక్ ఎంత పేరు తెచ్చుకున్నా తల్లి దక్కదు. ఏ డైలాగ్ ఎంచుకున్నా ఆమె బతకదు.

ఇక సహచరులు. ఆరిజిన్స్‌లో కానుకలిస్తే మనసు మారిపోతుంది. ఇక్కడ స్నేహంతోపాటు వైరానికీ విలువుంది. మేజ్‌లంటే (మంత్రగాళ్లంటే) పడని సహచరుడు ఫెన్రిస్ ముందు నేను అడుగడుగునా మేజ్‌ల పక్షమే మాట్లాడాను. అతను వాదించాడు, కోప్పడ్డాడు, చివరిదాకా నాతోనే ఉన్నాడు. మన మాటకు తలూపకుండానే మనతో నడిచే మనిషిని ఇంత బాగా చూపించిన గేమ్ ఏదైనా ఉంటే చెప్పండి, ఆడతాను.

గుహలరాయుడు

కథ సంగతి తర్వాత. ఆడుతున్నంతసేపూ కళ్లముందున్నది ఒకటే గుహ! ఈసారి ఈ తలుపు మూస్తారు, ఇంకోసారి ఆ తలుపు తెరుస్తారు, పేరు మారుస్తారు. చిన్న మ్యాప్‌లో దారి ఉన్నట్టే ఉంటుంది, తీరా వెళ్తే గోడ.

అంతకన్నా నన్ను బాధపెట్టింది ఫైట్లు. ఆరిజిన్స్‌లో గేమ్ ఆపి, కెమెరా పైకి తీసుకెళ్లి, ఎవరు ఎక్కడున్నారో చూసుకుని ప్లాన్ వేసుకునేవాళ్లం. మేజ్‌ని వెనక నిలబెడితే దానికో అర్థం ఉండేది. ఇందులో మొదటి గుంపును చంపగానే రెండో గుంపు మేజ్ నెత్తిమీదే ఊడిపడుతుంది. ఎవరు ఎటునుంచి వస్తారో తెలియనప్పుడు ప్లాన్ దేనికి? ఆ కెమెరానే తీసేశారు. నాకు సిరీస్ మీద ఇష్టం పుట్టించిందే అది.

మోజావే

టైమ్ చాలలేదన్న మాట నేను ఒప్పుకోను. ఫాల్‌అవుట్: న్యూ వేగాస్ గేమ్‌ని అబ్సిడియన్ స్టూడియో సుమారు పద్దెనిమిది నెలల్లోనే చేసింది. అందులోనూ పాత సరుకే, అంటే ఫాల్‌అవుట్ 3 ఇంజిన్, దాని వస్తువులు. 2010లో విడుదలైనప్పుడు బగ్‌లతో సతాయించింది కూడా. అయినా సిరీస్‌లో చాలామందికి ఇష్టమైన గేమ్ అదే.

ఎందుకంటే అక్కడ ప్రతి చోటుకీ ఒక లెక్కుంది. హూవర్ డ్యామ్ ఎవరి చేతికొస్తే నీళ్లు, కరెంటు వాళ్లవి. అందుకే ఎన్సీఆర్, సీజర్ లీజియన్, మిస్టర్ హౌస్ అనే మూడు పక్షాలూ దానికోసం కొట్టుకుంటారు. హీలియోస్ వన్ అనే విద్యుత్ కేంద్రంలో తయారయ్యే కరెంటు ఎవరికి వెళ్లాలో మనమే నిర్ణయిస్తాం. ఒకే కుర్చీ, ఒకే టేబుల్ పది ఇళ్లలో కనిపించినా నాకేం అనిపించలేదు. ఆ ఇంట్లోవాళ్లు ఎవరికి పన్ను కడుతున్నారో, ఎవరికి భయపడుతున్నారో తెలుసు కాబట్టి.

ఇప్పుడు కిర్క్‌వాల్ చూడండి. పదేళ్ల కథ అంటారు, సంవత్సరాలు గడిచినా వీధులు దాదాపు అలాగే ఉంటాయి. ఒకే నగరంలో కథ నడపడం తప్పు కాదు, అద్భుతమైన ఆలోచన. ఆ నగరం మనతోపాటు పెద్దది కాకపోవడమే తప్పు. ఇక ముగింపులో మేజ్‌ల పక్షం వహించినా వాళ్ల నాయకుడు ఓర్సినోతో ఫైట్ తప్పదు, మేజ్‌లను అదుపులో ఉంచే టెంప్లర్ల పక్షం వహించినా వాళ్ల నాయకురాలు మెరెడిత్‌తో తప్పదు. అలాంటప్పుడు పక్షం ఎంచుకోమని నన్నెందుకు అడిగారు?

కిర్క్‌వాల్‌వాసి

ఓర్సినో ఫైట్‌ని నేనూ సమర్థించను. తన మనుషుల కోసం నిలబడ్డవాడు చివరి నిమిషంలో రాక్షసుడైపోవడానికి కథలో కారణమే కనబడదు. కానీ నా దృష్టిలో అసలు ముగింపు అంతకుముందే జరిగిపోయింది. సహచరుడైన మేజ్ ఆండర్స్ నగరంలోని చాంట్రీని (ఆ లోకపు చర్చిని) పేల్చేస్తాడు. మన ఇంటికి వచ్చిపోయేవాడు, మనం నమ్మినవాడు. ఆ పనికి కావలసిన సామాన్లు మనచేతే తెప్పించుకున్నాడు కూడా. మొదటిసారి ఆడినప్పుడు అతన్ని ఏం చెయ్యాలో తేల్చుకోలేక కంట్రోలర్ పక్కన పెట్టేశాను. న్యూ వేగాస్‌లో నాకు అలా ఒక్కసారీ కాలేదు. అక్కడ నిర్ణయాలు పెద్దవే, కానీ మనసుకు దగ్గరవాళ్ల గురించి కాదు.

పాతజర్నల్

ఒక్కో గేమ్ ఒక్కోరకంగా నిరాశపరుస్తుంది. ఎల్డర్ స్క్రోల్స్ సిరీస్‌లోని మోరోవిండ్‌లో (2002) ఎటు వెళ్లాలో మనుషులు మాటల్లో చెబుతారు, అది జర్నల్‌లో రాసి ఉంటుంది. దారి వెతుక్కోవడమే అందులో సగం ఆనందం. దాని తర్వాతి గేమ్ ఆబ్లివియన్‌లో (2006) కంపాస్ మీద బాణం వచ్చింది. అదైనా సర్దుకుపోవచ్చు. మన లెవెల్‌తోపాటు శత్రువులూ పెరగడం మాత్రం నేను క్షమించలేను. దారి దోచుకునే దొంగ కూడా కొన్నాళ్లకు ఖరీదైన గ్లాస్ కవచం వేసుకుని వస్తాడు. అంత డబ్బుంటే దొంగతనమెందుకు? మనం బలపడ్డామన్న తృప్తే దక్కదు.

క్రోనో క్రాస్ (1999) బాధ వేరు. సంగీతం గొప్పది, రంగులు గొప్పవి. కానీ దీనికి ముందు గేమ్ క్రోనో ట్రిగర్‌లో మనం కాపాడిన మనుషుల గతి ఏమైందో ఆ తీరులో చెప్పాల్సింది కాదు. విడిగా వచ్చుంటే నెత్తిన పెట్టుకునేవాళ్లం.

గుహలరాయుడు

అంటే అతుకుల గేమ్ అయినా కథ బాగుంటే వదిలేయాలా? అలాగైతే స్టార్ వార్స్ గేమ్ నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్ 2 కూడా ఈ లెక్కలోకే వస్తుంది. 2004 డిసెంబరులో సగం ముగింపుతో వచ్చింది. క్రేయా లాంటి క్యారెక్టర్ ఉంది కాబట్టి జనం ఇప్పటికీ పొగుడుతున్నారు.

మోజావే

రెండూ ఒకటి కాదండీ. ఆ గేమ్‌లో కోసేసిన సీన్ల ఆడియో, ఫైళ్లు డిస్క్‌లోనే మిగిలిపోయాయి. అందుకే అభిమానులు ఏళ్లతరబడి కూర్చుని వాటిని తిరిగి అతికించి మోడ్‌గా (ఆటకు అభిమానులు చేసే మార్పుల ఫైలుగా) ఇవ్వగలిగారు. ఇప్పుడు కొత్తగా ఆడేవాళ్లకు నేను ఆ మోడ్‌తోనే ఆడమని చెబుతాను. డ్రాగన్ ఏజ్ 2లో రెండో గుహను అసలు గీయనేలేదు, ఏ మోడర్ వెతికి తెస్తాడు?